ఇంకా పుట్టని కారు చప్పుడు

శృతిదండాన్ని రబ్బరు దిమ్మ మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా వినిపిస్తుంది. అదే దండం కాడను బల్లకు ఆనిస్తే చివరి బెంచీ వరకూ వినిపిస్తుంది. తెలుగు మీడియంలో చదివిన మనమంతా దీనికి ‘బలాత్కృత కంపనాలు’ అని బరువైన పేరు రాసి రెండు మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. నిజానికి బల్లకు ఆనించినప్పుడు దండంలో శక్తి ఏమీ పెరగలేదు. సన్నటి కడ్డీ గాలిని పెద్దగా కదపలేదు, వెడల్పాటి బల్ల కదపగలదు, అంతే తేడా. ఈ ఒక్క ప్రయోగం గుర్తుంటే చాలు, గడిచిన నూట ఇరవై ఏళ్ళుగా మోటారు బండి చప్పుడుతో ఇంజనీర్లు పడుతున్న పాట్లు సగం అర్థమైనట్టే. బండిలో ఇంజను శృతిదండం, చుట్టూ ఉన్న రేకంతా బల్ల.

ఆ నూట ఇరవై ఏళ్ళలో ఎక్కువ కాలం పద్ధతి ఒక్కటే: బండి తయారుచెయ్యడం, నడిపి చూడడం, మోగితే అప్పుడు ఏదో ఒకటి చెయ్యడం. తయారు కాకముందే, గీతల దశలోనే, ఆ బండి ఎక్కడ వణుకుతుందో, ఏ వేగం దగ్గర మోగుతుందో లెక్కగట్టి చెప్పగలగడం ఈమధ్య సంగతి. అది ఎలా సాధ్యమైందో, ఎంతవరకు సాధ్యమైందో మన స్వర్ణోత్సవ సంచిక పాఠకులకు చెబుదామని ఈ వ్యాసం. లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పిన మాస్టార్లు చదువుతారు కనుక కొన్ని అంకెలు తప్పవు. మిగిలినవారు అంకెల మీదుగా దాటిపోవచ్చు.

చప్పుడు మన చెవికి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి గాలి దారి. ఇంజను మోత, టైర్ల హోరు తలుపు సందుల్లోంచి, అద్దాల్లోంచి లోపలికి రావడం. రెండోది ఇనుప దారి. ఇంజను తాను కూర్చున్న దిమ్మలను కుదుపుతుంది, దిమ్మలు చట్రాన్ని, చట్రం నేల రేకునూ కప్పు రేకునూ కుదుపుతాయి, ఆ రేకులు లోపలి గాలిని కొడతాయి. గాలి దారిని రబ్బరు పట్టీలతో, మందపాటి తివాచీతో చాలావరకు మూయవచ్చు. ఇనుప దారిని దుప్పటి కప్పి మూయలేం. సెకనుకు రెండు వందల కంపనాల లోపు ఉండే ఆ బరువైన ‘గుయ్’మనే మోత ఎక్కువగా ఈ రెండో దారినే వస్తుంది. మన కథ ఆ దారిదే.

మొదటి దెబ్బ చెవికంటే ముందు ఇనుముకే తగిలింది. 1904 ప్రాంతంలో ఇంగ్లండులో నేపియర్ కంపెనీ ఆరు సిలిండర్ల కార్లు అమ్మడం మొదలుపెట్టింది. నాలుగు బదులు ఆరు సిలిండర్లు ఉంటే తోపులు దగ్గర దగ్గరగా పడతాయి, పరుగు నున్నగా ఉంటుంది. అయితే ఆరింటినీ మోయాల్సిన క్రాంక్ షాఫ్టు పొడుగైంది. పొడుగాటి కడ్డీని మెలిపెట్టి వదిలితే అది కవ్వంలా అటూ ఇటూ తిరుగుతుంది. దానికీ ఒక సహజ పౌనఃపున్యం ఉంది. ఇంజను వేగం పెరిగే క్రమంలో సిలిండర్లలో పేలుళ్ళ లయ ఆ పౌనఃపున్యంతో కలిస్తే అనునాదమే. షాఫ్టు తడిబట్టను పిండినట్టు మెలితిరిగి, కొంతకాలానికి విరిగిపోయేది. విరగకపోయినా ఆ వేగం దగ్గర గడగడలాడేది. ఆ గడగడ బండి శక్తికి గుర్తని నేపియర్ కార్లు అమ్మిపెట్టిన ఎస్.ఎఫ్. ఎడ్జ్ కొనేవాళ్ళకు నచ్చజెప్పాడని చెప్పుకుంటారు. అమ్మేవాడి తెలివి ఏ కాలంలోనైనా ఒకటే.

రోల్స్ రాయిస్ తొలి ఆరు సిలిండర్ల బండికీ ఇదే జబ్బు పట్టింది. హెన్రీ రాయిస్ తర్వాతి ఇంజనులో షాఫ్టును లావు చేసి, కుదుపును మింగే ఏర్పాటు చేశాడు. ఆ 40/50 మోడలు బండి ఒకటి 1907లో 15,000 మైళ్ళ పరుగు పరీక్షకు నిలిచింది. వెండి రంగు వేసిన ఆ బండికే ‘సిల్వర్ ఘోస్ట్’ అని పేరు పెట్టారు, దయ్యంలా చప్పుడు చెయ్యకుండా వస్తుందని.

అదే కాలంలో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రెండు పరికరాలు కనిపెట్టాడు. ఇంజనీరింగ్ చరిత్రలో ఇతనికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. మొదటిది క్రాంక్ షాఫ్టు చివర వదులుగా అమర్చిన బరువైన చక్రం. షాఫ్టు సమంగా తిరుగుతున్నంతసేపు చక్రం కూడా దానితో తిరుగుతుంది. షాఫ్టు మెలికలు తిరగడం మొదలుపెడితే బరువు వల్ల చక్రం ఆ కుదుపులను అందుకోలేక వెనకబడుతుంది, రెండింటి మధ్యా రాపిడి పుడుతుంది, కంపన శక్తి వేడిగా మారి పోతుంది. ఈనాటికీ ఎన్నో ఇంజన్ల ముందు కప్పీలో దాగి ఉన్న డ్యాంపర్ దీని వారసురాలే. రెండోది నాలుగు సిలిండర్ల ఇంజను కోసం. కనెక్టింగ్ రాడ్ వాలు వల్ల పిస్టన్ తన దారిలో పై సగంలో ఒక వేగంతో, కింది సగంలో ఇంకో వేగంతో కదులుతుంది. ఆ తేడా కారణంగా షాఫ్టు ఒక్క చుట్టు తిరిగేలోపు ఇంజను మొత్తం రెండుసార్లు పైకీ కిందికీ ఎగరబోతుంది. లాంచెస్టర్ ఏం చేశాడంటే, ఒక వైపు బరువెక్కువ ఉన్న రెండు చిన్న షాఫ్టులను ఇంజనుకు రెట్టింపు వేగంతో ఎదురెదురు దిశల్లో తిప్పాడు. వాటి ఎగురు ఇంజను ఎగురుకు సరిగ్గా విరుగుడు. ఈ ఉపాయం చాలాకాలం పెద్దగా వాడుకలో లేదు. 1975లో జపాన్‌లో మిత్సుబిషి ‘సైలెంట్ షాఫ్ట్’ పేరుతో దాన్ని మెరుగుపరిచి కార్లలో పెట్టింది, తర్వాత జర్మనీ పోర్షే కంపెనీ వాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకుని 944 మోడల్లో వాడింది.

ముందే లెక్కగట్టడం అనే పనికి తొలి మెట్టు మాత్రం 1921లో పడింది. జర్మన్ ఇంజనీరు హోల్జర్ షాఫ్టుల మెలి కంపనాల మీద ఒక పుస్తకం వేశాడు. అతని పద్ధతి మన ఎనిమిదో తరగతి కుర్రాడు కూడా చెయ్యగలిగినంత తేలిక, కాకపోతే ఓపిక కావాలి. షాఫ్టు మొత్తాన్ని కొన్ని చక్రాలుగా, వాటి మధ్య స్ప్రింగులుగా ఊహించుకోవాలి. ఒక పౌనఃపున్యం ఊహించి, మొదటి చక్రం నుంచి మొదలుపెట్టి ఒక్కో చక్రం ఎంత కదులుతుందో, పక్కదాన్ని ఎంత మెలిపెడుతుందో పట్టికలో రాసుకుంటూ పోవాలి. చివరి చక్రం దాటాక మిగిలిన మెలి సున్నా వస్తే ఊహించిన అంకె సరైనది. రాకపోతే మళ్ళీ మొదటి గడి నుంచి. పెన్సిలు, స్లైడ్ రూలు, ఒక పూట సమయం ఉంటే ఫలానా వేగం దగ్గర ఈ షాఫ్టు విరుగుతుందని, షాఫ్టును కమ్మరికొలిమిలో పెట్టకముందే చెప్పవచ్చు. దీనిలో దాగిన ఆలోచనే తర్వాత కారు మొత్తానికీ పాకింది: పెద్ద వస్తువును చిన్న చిన్న తేలిక ముక్కలుగా చూడడం.

షాఫ్టు గీతలాంటిది కనుక లెక్కకు లొంగింది. బండి ఒళ్ళు అలా లొంగలేదు.

మధ్యలో రబ్బరు వచ్చి కొంత ఊరట ఇచ్చింది. 1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ ప్లిమత్ కార్లలో ఇంజనును చట్రానికి నేరుగా బోల్టులతో బిగించడం మానేసి, రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టింది. దిమ్మలు ఎక్కడపడితే అక్కడ పెట్టలేదు. ఇంజను సహజంగా ఏ అక్షం చుట్టూ దొర్లాలనుకుంటుందో ఆ అక్షం మీద, ముందు ఎత్తుగా వెనక తగ్గుగా పెట్టారు. ‘ఫ్లోటింగ్ పవర్’ అని దానికి పేరు. మరుసటి ఏడాది ఫ్రాన్సులో సిట్రోయెన్ దాని హక్కులు కొని, తన కార్ల ముందు నీటిలో తేలుతున్న హంస బొమ్మ పెట్టుకుంది. శృతిదండం కాడకూ బల్లకూ మధ్య రబ్బరు ముక్క పెట్టడమే ఇది.

ఆ సుఖం ఎంతోకాలం నిలవలేదు. పాత కార్లకు కింద బరువైన చట్రం, మీద విడిగా బాడీ ఉండేవి. 1934లో వచ్చిన సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ లాంటి బండ్లతో చట్రం పోయి, పల్చటి రేకులనే మడిచి అతికి బండికి బలం ఇచ్చే పద్ధతి పెరిగింది. మన అంబాసిడర్ కూడా ఆ తరహాదే. బరువు తగ్గింది, ధర తగ్గింది. కానీ ఇప్పుడు ఇంజను, చక్రాలు నేరుగా మన చుట్టూ ఉన్న రేకు డబ్బానే పట్టుకుని కుదుపుతున్నాయి. బొబ్బిలిలో వీణ చేసేవారు పనస దుంగను తొలిచి, పలకను చెక్కి, తీగ కదలిక గాలిలోకి బాగా పోయేటట్టు చేస్తారు. కారు తయారుచేసేవారు అనుకోకుండా అలాంటి పనే చేశారన్నమాట. ఇక దాన్ని మోగకుండా చెయ్యాలి.

పైగా రేకు ఒక్కటే మోగదు, లోపలి గాలి కూడా మోగుతుంది. అనునాద గాలి స్తంభం ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. కారు లోపలి పొడవు రెండున్నర మీటర్లు అనుకుందాం. రెండు చివరలా మూసిన గొట్టంలో మొదటి అనునాదానికి తరంగదైర్ఘ్యం పొడవుకు రెట్టింపు, అంటే 5 మీటర్లు. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. భాగిస్తే సెకనుకు 68 కంపనాలు. నాలుగు సిలిండర్ల ఇంజను చుట్టుకు రెండు తోపులు ఇస్తుంది కనుక, నిమిషానికి 2,040 చుట్ల దగ్గర సరిగ్గా సెకనుకు 68 తోపులు పడతాయి. నిజమైన కారులో సీట్లు, డిక్కీ ఉండబట్టి అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది. ఆ వేగం దగ్గర నేల రేకో కప్పు రేకో కూడా అదే పౌనఃపున్యంతో ఊగితే చెవులు దిబ్బడ వేసినట్టు ఒక మోత మొదలవుతుంది, వేగం ఇంకాస్త పెంచితే పోతుంది. ముందు సీటు వారికి, వెనక సీటు వారికి బాగా వినిపిస్తుంది. ముందుకు వంగి రెండు సీట్ల మధ్య తల పెట్టిన పిల్లవాడికి తక్కువగా వినిపిస్తుంది, పీడనం మార్పు అక్కడ దాదాపు ఉండదు కనుక.

ఏ రేకు దొంగో పట్టుకోవడానికి 1960ల దాకా ఉన్న మార్గం వెతుకులాటే. బండి నడుపుతూ రేకుల మీద చేతులు పెట్టి చూడడం, అనుమానం ఉన్నచోట బరువు పెట్టి మోత తగ్గిందా అని వినడం, తగ్గితే అక్కడ తారు పలక అంటించడం. పలకలు పనిచేస్తాయి. కంచు గిన్నెను కొట్టి అంచు పట్టుకుంటే మోత ఆగినట్టు, తారు పొర రేకు వంగినప్పుడల్లా దాని శక్తిని తాగేస్తుంది. కాని ప్రతి పలకా బరువు, ప్రతి బరువూ పెట్రోలు. అసలు చిక్కు సమయానిది. మోత బయటపడేసరికి రేకును అదిమే భారీ ఉక్కు అచ్చులు తయారైపోయి ఉంటాయి. వాటిని మార్చడం కంపెనీని ముంచే ఖర్చు. రేకులో ఒక చిన్న గాడి ముందే వేసి ఉంటే పోయే మోతకు, ఆలస్యంగా తెలిసినందువల్ల కిలోల కొద్దీ తారు, బండి బతికినన్నాళ్ళూ మొయ్యాలి.

ముందే ఎందుకు లెక్క కట్టలేదు? పలకల కంపనం కొత్త శాస్త్రమేమీ కాదు. 1787లో జర్మనీలో క్లాడ్నీ పలక మీద ఇసుక చల్లి, అంచును కమానుతో మీటి, ఇసుక గీతలుగా ఏర్పడే ముగ్గులను అచ్చు వేశాడు. వాటికి గణితం చెప్పినందుకు సోఫీ జెర్మేన్ 1816లో పారిస్ అకాడమీ బహుమతి గెలుచుకుంది. ఆడవాళ్ళను కాలేజీలోకి రానివ్వని రోజుల్లో ఇంట్లో కూర్చుని నేర్చుకున్న గణితం అది. 1877లో రేలీ ధ్వని మీద రాసిన మహాగ్రంథం మొదటి సంపుటం వచ్చింది. ఇవన్నీ గుండ్రటి పలకకు, చతురస్రానికి బాగా చెబుతాయి. కారు నేల రేకు గుండ్రంగానూ ఉండదు, చతురస్రంగానూ ఉండదు. మధ్యలో గొట్టానికి ఎత్తు, సీటు బోల్టులకు గుంటలు, చుట్టూ వందల స్పాట్ వెల్డింగులు. ఏ సూత్రంలోనూ ఇమడదు.

దారి విమానాల నుంచి దొరికింది. 1952, 53 వేసవి సెలవుల్లో బర్క్‌లీ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు రే క్లఫ్, సియాటిల్‌లో బోయింగ్ కంపెనీలో నిర్మాణ కంపనాల విభాగంలో పనిచేశాడు. అక్కడి సమస్య త్రికోణాకారపు రెక్క ఎలా ఊగుతుందో ముందుగా చెప్పడం. రెక్కను దూలాల వరసగా ఊహించి చేసిన లెక్క ప్రయోగశాల కొలతలతో కలవలేదు. విభాగాధిపతి టర్నర్ రెక్క చర్మాన్ని చిన్న త్రికోణాలుగా విడగొట్టమన్నాడు. ఈసారి కలిసింది. టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురి పేర్ల మీద ఆ వ్యాసం 1956లో అచ్చయింది. ‘ఫైనైట్ ఎలిమెంట్’ అన్న పేరు క్లఫ్ 1960లో పెట్టాడు. వంతెనల బరువు, ఆనకట్టల ఒత్తిడి లెక్కకట్టే పద్ధతిగా పేరుపడ్డ ఈ విద్య, అసలు పుట్టింది ఒక కంపన సమస్యకు జవాబుగానని చాలామంది ఇంజనీర్లకే తెలియదు.

పద్ధతి చుక్కల ముగ్గు లాంటిది. రేకు మీద చుక్కలు పెట్టి, గీతలతో కలిపి చిన్న గళ్ళుగా చేస్తారు. ఒక గడి మూలను ఇంత కదిపితే మిగతా మూలల మీద ఎంత బలం పడుతుందో సులువుగా రాయవచ్చు. పక్క పక్క గళ్ళు ఒకే చుక్కను పంచుకుంటాయి కనుక అన్నింటినీ కలిపి ఒక పెద్ద మాత్రికగా కూర్చవచ్చు. ఆ మాత్రిక నుంచి ఈ వస్తువు సహజంగా ఏ ఏ పౌనఃపున్యాల దగ్గర ఊగుతుంది, ఊగేటప్పుడు ఏ ఆకారంలో ఊగుతుంది అన్నవి బయటికి వస్తాయి. హోల్జర్ పట్టికకు ఇది పెద్ద వంశవృక్షం. వేల సమీకరణాలు మనిషి చెయ్యలేడు, కంప్యూటరు కావాలి. రాకెట్ల కోసం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా రాయించిన ‘నాస్ట్రాన్’ అనే ప్రోగ్రాము 1970ల మొదట్లో బయటి వారికి అందుబాటులోకి వచ్చింది, కార్ల కంపెనీలు అందుకున్నాయి.

ఇక్కడ మనవాడి పేరు ఒకటి చెప్పుకోవాలి. వరంగల్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో స్థిరపడిన జె.ఎన్. రెడ్డి గారు ఈ పద్ధతి మీద రాసిన పాఠ్యపుస్తకం 1984లో వచ్చింది. ప్రపంచంలో ఎన్నో దేశాల ఇంజనీరింగ్ విద్యార్థులు ఆ పుస్తకంతోనే ఓనమాలు దిద్దారు. అదే ఏడాది ఆయన పొరలు పొరలుగా ఉండే పలకల వంపు మీద ప్రతిపాదించిన సిద్ధాంతం ఆయన పేరుతోనే చలామణీలో ఉంది. రెండు రేకుల మధ్య మెత్తటి పొర పెట్టి మోతను చంపే పలకల లెక్కకు కూడా అలాంటి సిద్ధాంతాలే ఆధారం.

కాగితం లెక్క నిజమో కాదో తేల్చే సాధనం కూడా అదే కాలంలో చేతికొచ్చింది. 1965లో కూలీ, టుకీ అనే ఇద్దరు, ఏ కంపనాన్నయినా అందులోని పౌనఃపున్యాలుగా విడగొట్టే పనిని కంప్యూటరు ఎన్నో రెట్లు త్వరగా చేసే ఉపాయం అచ్చువేశారు. దాని ఫలితంగా, బలాన్ని కొలిచే మీటరు బిగించిన చిన్న సుత్తితో బండిని ఒకచోట కొట్టి, వేరే చోట్ల వణుకు కొలిస్తే, బండి ఊగే ఆకారాలన్నీ కాసేపట్లో తేలిపోతాయి. గోడ గడియారం మెకానిక్ వేలితో తట్టి వినే విద్యకు ఇది అంకెల రూపం.

రేకునూ లోపలి గాలినీ ఒకే లెక్కలో ముడివేసిన పని ప్రధానంగా 1970ల నడిమిది. జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో వుల్ఫ్, నెఫ్‌స్కే, హవెల్ కారు లోపలి గాలిని కూడా గళ్ళుగా విడగొట్టి, రేకుల కదలికతో కలిపి 1976లో ఒక వ్యాసం ప్రకటించారు. ఆ తర్వాత, డ్రైవరు చెవి దగ్గరి మోతలో నేల రేకు వాటా ఎంత, వెనక అద్దం వాటా ఎంత అని విడివిడిగా చెప్పడం కుదిరింది. వాటాల్లో కొన్ని ఒకదాన్నొకటి కొట్టేసేవి కూడా ఉంటాయి. అలాంటి రేకును బుద్ధిమంతురాలిని చేస్తే మోత పెరుగుతుంది! వెతుకులాటలో చేతులు కాల్చుకున్న పాతతరం వారికి ఈ విషయం తెలిసే మార్గమే లేదు.

ఒక మామూలు ఉదాహరణ. సిగ్నలు దగ్గర ఆగిన నాలుగు సిలిండర్ల కారు ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు దాదాపు 27 తోపులు. మారుతి 800 లాంటి మూడు సిలిండర్ల బండి అయితే, 900 చుట్ల దగ్గర 22 నుంచి 23. కారు ఒళ్ళు మొత్తంగా వంగే, మెలితిరిగే సహజ పౌనఃపున్యాలు సాధారణంగా 20 నుంచి 40 మధ్య ఎక్కడో ఉంటాయి. స్టీరింగు చక్రం దాని కాడతో సహా ఊగేది కూడా ఆ చుట్టుపక్కలే. కలిశాయా, ఆగి ఉన్న బండిలో స్టీరింగు, అద్దం వణుకుతాయి. అందుకే గీతల దశలోనే ఈ మూడు అంకెలనూ దూరదూరంగా ఉంచేటట్టు చూస్తారు. డ్యాష్‌బోర్డు వెనక ఉండే అడ్డ దూలం లావు, దాని అతుకులు అప్పుడే నిర్ణయమైపోతాయి. ఇళ్ళ మీది ఇనుప రేకు అలలు అలలుగా ఉండి గట్టిపడినట్టే, నేల రేకు మీద వేసే గాళ్ళ దిశ, లోతు కూడా అప్పుడే. కొత్త కారు తివాచీ ఎత్తి చూస్తే కనిపించే ఆ గాళ్ళు అందం కోసం వేసినవి కావు.

ఈ విద్యకు హద్దులున్నాయి, అవి చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది. 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకులో, సెకనుకు 100 కంపనాల దగ్గర ఒక అల పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. 1,000 దగ్గర 9 సెంటీమీటర్లకు దిగుతుంది. ఒక అలలో కనీసం ఆరేడు గళ్ళైనా పడకపోతే లెక్క నమ్మదగింది కాదు. అందుకే నేటి కారు నమూనాల్లో గళ్ళు లక్షల్లో ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఊగే ఆకారాలు కిక్కిరిసిపోతాయి, చిన్న తేడాకే తారుమారవుతాయి. 1960ల మొదట్లో లయన్, మైడానిక్ లాంటి వారు దీనికి వేరే దారి చూపారు: ఒక్కొక్క ఆకారాన్ని పట్టుకోకుండా, ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కంపన శక్తి ఎంత ప్రవహిస్తుందో సగటున లెక్కించడం. కింది స్థాయిలో గళ్ళ లెక్క, పై స్థాయిలో సగటు లెక్క. మధ్యలో ఏ లెక్కా సరిగ్గా అతకని మేర ఇంకా తగాదాగానే ఉంది.

రెండో హద్దు అతుకులు. మోత ఎంత త్వరగా చల్లారుతుందన్నది రేకు మందం నుంచి రాదు. వెల్డింగుల మధ్య రాపిడి, జిగురు, రబ్బరు పట్టీలు, సీటు దూది దాన్ని నిర్ణయిస్తాయి. ఆ అంకెను కంప్యూటరు కనిపెట్టలేదు, పాత బండ్ల మీద సుత్తి దెబ్బలతో కొలిచి మనమే ఇవ్వాలి. 1993లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒకే నమూనా ఇసుజు రోడియో బండ్లు 99 తీసుకుని, ఒకే చోట కుదిపి లోపలి చప్పుడు కొలిచారు. కొన్ని పౌనఃపున్యాల దగ్గర బండికీ బండికీ పది డెసిబెల్స్‌కు తక్కువ కాని తేడా కనిపించింది. పది డెసిబెల్స్ అంటే ధ్వని సామర్థ్యంలో పది రెట్లు. అచ్చంగా ఒకేలా ఉన్న కవలలే అలా ఉంటే, లెక్క ఏ కారుతో సరిపోవాలి? ఈ ఫలితం వచ్చాక గడుసు ఇంజనీర్లు ఒక గీతకు బదులు ఒక పట్టీ గీసి, చప్పుడు ఈ పట్టీలో ఉంటుందని చెప్పడం నేర్చుకున్నారు. అది నిజాయితీ అయిన జవాబు.

ఇంతకాలం ఈ విద్య ఎవరికి పనికొచ్చింది అని అడిగితే మాత్రం నాకు కాస్త అసంతృప్తి. డబ్బు పెట్టి కొనేవాడు లోపల కూర్చుంటాడు కనుక కారు లోపల నిశ్శబ్దం అయింది. మన ఎర్ర బస్సులో డ్రైవరు పక్కనే ఇంజను, దాని మీద బానెట్, జనం ఎక్కువైతే ఆ బానెట్ మీద కూడా మనం కూర్చున్నాం. ఆ సీట్లో ముప్పై ఏళ్ళు పనిచేసిన డ్రైవరు ఒంటికి తెలుసు కంపనమంటే ఏమిటో. మనిషి ఒళ్ళు నిలువు కుదుపులకు బాగా ఇబ్బందిపడేది సెకనుకు 4 నుంచి 8 మధ్య. సీటు, స్ప్రింగులు సరిగ్గా లేకపోతే బస్సు సరిగ్గా అక్కడే కుదుపుతుంది. దీనికి డబ్బు ఒక్కటే కారణం కాదనుకుంటాను. చాలాకాలం మన దగ్గర ఛాసిస్ ఒక కంపెనీ చేసేది, బాడీ వేరొకరు, ఆర్టీసీ అయితే తన వర్క్‌షాపులోనే, కట్టేవారు. శృతిదండం ఒకరి చేతిలో, బల్ల ఇంకొకరి చేతిలో. రెండూ కలిపిన గళ్ళ నమూనా ఎవరి దగ్గరా లేనప్పుడు ముందే లెక్కకట్టేది ఎవరు?

బయటి చప్పుడుకు చట్టం ఉంది. బడికి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం, పగటిపూట సగటున 50 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి నియమాలు. 2005 నుంచి మన దేశంలో కొత్త కారు ఏడున్నర మీటర్ల దూరం నుంచి కొలిచినప్పుడు 74, పెద్ద లారీ 80 దాటకూడదు. 74కూ 80కీ మధ్య తేడా ఆరే అయినా సామర్థ్యంలో అది నాలుగు రెట్లు. ఫ్యాక్టరీ గేటు దాటిన తర్వాత సైలెన్సర్ చిల్లుపడిన బండినీ, హారన్‌నూ ఏ నమూనా లెక్కలోకి తీసుకోదు. మన బడి ముందు రోడ్డు సంగతి చదువరులకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈ గళ్ళ పని చాలావరకు మన మధ్యే జరుగుతోంది. హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం ఉంది, ఇంకా పరదేశీ కంపెనీలకు ఇంజనీరింగ్ సేవలు అందించే సంస్థలున్నాయి. మన మిత్రుల పిల్లల్లో ‘మెషింగ్ చేస్తున్నాను’ అనేవారు ఉంటే, వాళ్ళు వేస్తున్నది ఈ చుక్కల ముగ్గే. వాళ్ళ ముందున్న సమస్య తాతలు చూడనిది. ఎలక్ట్రిక్ బండిలో ఇంజను మోత లేదు. ఆ మోత చాటున ఇంతకాలం దాక్కున్న గేర్ల సన్నటి ఈల, టైరు హోరు, ఏసీ కంప్రెసరు గురగుర ఒక్కసారిగా బయటపడ్డాయి. ఈల పౌనఃపున్యాలు వేలల్లో ఉంటాయి కనుక గళ్ళు ఇంకా చిన్నవి కావాలి.

ఇంకో చిత్రం. మెల్లగా పోయే ఎలక్ట్రిక్ కారు చప్పుడు చెయ్యకుండా వచ్చి పాదచారులను, ముఖ్యంగా చూపులేని వారిని, భయపెడుతోందని ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఒక నిబంధన వచ్చింది. యూరప్‌లో 2019 జులై నుంచి కొత్త మోడళ్ళకు అది వర్తిస్తోంది. గంటకు 10 కిలోమీటర్ల వేగం దగ్గర బండి కనీసం 50 డెసిబెల్స్, 20 దగ్గర 56 డెసిబెల్స్ చప్పుడు చేసి తీరాలి. అందుకోసం బంపరు లోపల ఒక స్పీకరు పెడుతున్నారు. ఆ స్పీకరు వల్ల ముందు రేకు మోగి లోపలి వారికి విసుగు పుట్టకుండా దాన్ని ఎక్కడ, ఎలాంటి దిమ్మ మీద బిగించాలో మళ్ళీ గళ్ళు వేసి లెక్క కడుతున్నారు.